ఆ బొంత నేను కుట్టలేదు

జిల్లా కేంద్రమైన నల్లగొండలో చేతిపనులు చూపించే ఒక గదిలో, తలుపు తీయగానే ఎదురుగా కనిపించేలా ఒక బొంతను గోడకు వేలాడదీసి, దాని కింద అట్టముక్క మీద నా పేరు రాశారు. ఆ బొంత నేను కుట్టలేదు. బాలకిష్టమ్మ కుట్టింది. జరిగిన తప్పు ఇది. ఎన్ని మాటల్లో చెప్పినా ఇంతకన్నా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు.

ఇవాళ పొద్దున వసారాలో గోనెసంచి మూతి విప్పి గుడ్డ ముక్కలు నేల మీద కుమ్మరించాను. ఉతకని కొత్త గుడ్డకు ఉండే గంజి వాసన, దానికి అంటిన మిషన్ నూనె వాసన ఒక్కసారిగా లేచాయి. డెబ్బై దాటిన నా కళ్లకు రంగులు కొంచెం మసకబారాయి గానీ ముక్కు ఇంకా సరిగ్గానే ఉంది. ఆ వాసన తగిలిందంటే చాలు, బాలకిష్టమ్మ నా ఎడమ పక్కన కూర్చుని "కత్తెర అవుతల వెట్టు తమ్మీ" అంటున్నట్టే ఉంటుంది. ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్లు మా వాడకట్టులో ఉన్నారు, వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

నాది హాలియాలో దర్జీ పని. బడి ముఖం చూడలేదు. రైకలకు, చొక్కాలకు నమూనాలు పాత దినపత్రికల మీద గీసి కత్తిరించేవాణ్ని. గీత ఎటు పోతోందో చూడబోయి దాని కింద ఉన్న అక్షరాలను చూసేవాణ్ని. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లను అడిగి ఒక్కో అక్షరం పట్టుకున్నాను. లోకంలో జరిగిన చాలా సంగతులు నాకు సగమే తెలుసు, మిగతా సగం ఎవరి చంక కిందో కత్తెరకు పోయింది. అట్లా సంపాదించుకున్న చదువు కాబట్టి దాని మీద నాకు గర్వం ఎక్కువగా ఉండేది. అర్జీ రాయాలన్నా, బ్యాంకు కాగితం చదవాలన్నా వాడకట్టు మొత్తం నా దగ్గరికే వచ్చేది. సత్తయ్య చదివి చెప్పాడంటే అది నిజమేనని అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో కూడా ఇందులోనే రాస్తాను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నా దుకాణం చతికిలబడింది. జనం కుట్టించుకోవడం మానేసి రెడీమేడ్‌కు అలవాటు పడ్డారు. మిషన్ ముందు ఊరికే కూర్చోలేక ఒకనాడు దుకాణం వెనక ఏళ్లనాటి ముక్కలన్నీ కుప్ప పోసి అగ్గిపెట్టాను. వెనక వాడలో ఉండే బాలకిష్టమ్మ నాటు వేసి అప్పుడే తిరిగి వస్తోంది. మోకాళ్ల దాకా బురద. నాకంటే పదేళ్లు పెద్దది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొలం పని ఉన్నన్నాళ్లు పొలం, లేని రోజుల్లో గడప ముందు కూర్చుని బొంత. ఏ ఇంట్లో బాలింత ఉన్నా, కొత్త కాపురం ఉన్నా ఆమె బొంత ఆ ఇంటికి పోవలసిందే.

"ఏం కాలవెడుతున్నవ్ తమ్మీ?"

"చెత్త అక్కా."

"చెత్తనా?" అంటూ చెప్పుకాలితో మంట తొక్కేసింది. పొగలోంచి ఒక పచ్చని ముక్క తీసి దులిపింది. "గిది సైదమ్మ బిడ్డ పెండ్లి రైకది గాదు? మొన్ననే కుట్టి ఇస్తివి. గా పిల్ల చూసిందనుకో, మళ్ల నీ గడప తొక్కుతదా?"

"మరేం చెయ్యాలె? ముక్కలు గిట్ల పడుంటే ఎలుకలు గూడు వెడ్తున్నయ్."

"ఎలుకకున్న తెలివి నీకు లేకపాయె. గీ ముక్కలు పనికొస్తయని దానికి తెలిసింది. పనిలేక ఈగలు కొట్టుకుంటున్నవ్ గద, సంచిల వోసి మా ఇంటికి పట్టుకరా. పని జూపిస్త."

నలభై ఏళ్లు కత్తెర పట్టినవాడికి పని చూపిస్తానంటోంది! నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు సంచి ఎత్తుకుని పోయాను. దర్జీ చెయ్యి ఎట్లా ఉంటుందో ఈమెకు చూపించాలని, ఆమె పొలం నుంచి వచ్చేసరికి గడప ముందు కూర్చుని ముక్కలన్నింటినీ చదరంగా కత్తిరించి పెట్టాను. జేబు కోసే అట్టబిళ్ల పెట్టి కొలిచినట్టు, అన్నీ ఒకే తీరు. దొంతరలు కట్టి వరసగా పేర్చాను. వచ్చి చూసింది. దొంతరల వంక కన్నెత్తి కూడా చూడలేదు. నా మోకాళ్ల పక్కన పడిన మూలలు, అంచులు, వంపు పేలికలు రెండు చేతుల్లోకి ఎత్తుకుని నా ముందు పెట్టింది.

"గివన్ని ఏం జేస్తవ్?"

"అవి పోతయ్ అక్కా. చక్కగ లేకపోతే కుట్టు నిలవడదు."

"సగం గుడ్డ పారేసి సగం గుడ్డతోని బొంత కుడతవా? నువ్వు బొంత కుట్టేటోనివా, కోమటి దుకాణంల బెల్లం కోసేటోనివా?" పక్కింటి అరుగు మీద ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "సూడు తమ్మీ. కొలత మనిషికి. ముక్కకు కొలతేంది? అది ఎట్లొచ్చిందో గట్లనే కూసోవెట్టాలె. ఒక్కపారి కత్తెర తిన్న ముక్కకు మళ్ల కత్తెర వెట్టొద్దు. దాని జోడు గా సంచిలనే ఎక్కడనో ఉంటది. దేవులాడు."

నా కత్తెర తీసి చూరులో దోపింది. తర్వాత మూడు నెలల పాటు ఆమె ఇంట్లో ఉన్నంతసేపు దాన్ని నన్ను ముట్టనివ్వలేదు. దారం పళ్లతో తెంపడమే.

దేవులాడడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. రైక మెడ కోసినప్పుడు నెలవంక లాంటి ముక్క ఊడి పడుతుంది. చేతులు కత్తిరించినప్పుడు భుజం గుండ్రం పక్కన లోపలికి వంపు తిరిగిన ముక్క మిగులుతుంది. ఆ రెండింటినీ నేను వేలసార్లు కోసి పారేశాను. ఆమె ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి వేలితో నెట్టింది. మెడ ముక్క పోయి ఆ వంపులో కూర్చుంది, మధ్యలో వెంట్రుక దూరే సందు లేదు. రెండు పనులూ చేసింది నా చెయ్యే, రెండూ కలుస్తాయని మాత్రం నాకు తెలియదు. అట్లాగే ఏటవాలుగా తెగిన ముక్క పట్టి గుంజితే సాగుతుంది. అలాంటివి రెండు పక్కపక్కన కుడితే బొంత నాలుగు ఉతుకులకే ఉబ్బి ముడతలు పడుతుంది. అందుకని సాగే అంచుకు ఎప్పుడూ నిలువు పోగు ఉన్న అంచునే జత చేసేది. "గుంజేదాని పక్కకు గుంజనిది వెట్టు. ఇద్దరు గుంజేటోళ్లు ఒక్కతాన ఉంటే నా అత్తకు నాకు అయినట్లయితది" అనేది.

పెద్ద ముక్కలు అంచులకు వేసేది, ఎందుకంటే బొంతను మనిషి అంచు పట్టే లాగుతాడు. అక్కడి నుంచి చుట్టు తిరుగుతూ లోపలికి వచ్చేది. నడుమకు వచ్చేసరికి ముక్కలు బొటనవేలంత అయ్యేవి. ఇక కుట్టుకు కూడా అందని పోగులు, సన్నటి పేలికలు ఉంటాయి కదా, వాటికీ ఒక చోటు ఉంది. బొంత అడుగున వేసే పాత చీరను తలుపు దగ్గర ఎండకు అడ్డంగా పట్టుకునేది. ఎక్కడ గుడ్డ అరిగి వెలుతురు ఎక్కువ వస్తోందో అక్కడ ఈ సన్న పేలికలను పెంకులు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి పరిచి టాకాలు వేసేది. మళ్లీ ఎండకు పట్టి చూసేది. అంతటా ఒకే వెలుతురు వచ్చేదాకా పైముక్కలు ముట్టేది కాదు. బొంత పూర్తయ్యేనాటికి సంచి బోర్లిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేది కాదు. అది ఆమె లెక్క. ముక్క మిగిలిందంటే మనం సరిగ్గా చూడలేదని అర్థం.

గోడ మీద ఉన్న బొంతను ఆమె ఒక వానాకాలం మొదలుపెట్టి ఎండలు వచ్చేదాకా కుట్టింది. వాడకట్టు మొత్తం ముక్కలు అందులో ఉన్నాయి. బడిపిల్లల నీలం లాగులవి, చర్చికి పోయే మరియమ్మ తెల్ల రైకలవి, సైదమ్మ బిడ్డ పచ్చ పట్టుది, అంచు మాడిన వైపును లోపలికి మడిచి. నేను పక్కన కూర్చుని ముక్కలు ఏరి ఇచ్చాను, అంతే. ఒక్క కుట్టు కూడా వేయలేదు. వేస్తానంటే "ఇంకో బొంతల వేద్దువు తీ" అంది.

ఆ ఎండాకాలమే జీపు వచ్చింది. జిల్లాలోని చేతిపనులన్నీ ఒకచోట పెడతారట, ఏరుకుంటూ తిరుగుతున్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను, నా తగువు మనుషులతో కాదు, అట్టముక్కతో. బొంత నా దుకాణంలో పరిచి ఉంది. వాళ్లకు నచ్చింది. కుట్టినవాళ్ల వివరాలు కావాలన్నారు. బాలకిష్టమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టమన్నారు. పడలేదు. తుడిచి పెట్టమన్నారు. పడలేదు. పది వేళ్లూ పెట్టింది. పదిసార్లు ఎర్ర దీపమే వెలిగింది. ఏళ్ల తరబడి సూది పొడిచి, నాటు బురదలో నాని ఆమె వేళ్లు గులకరాళ్లలా నున్నగా అయిపోయాయి.

"రేషన్ దుకాణంల గూడ గింతే బిడ్డా. నా ఏళ్లు సూది తిన్నది" అని వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ ఇంటికి పోయింది.

మిషన్ పట్టుకున్న గుమస్తా చిన్నవాడు, తొందరలో ఉన్నాడు. నా వైపు తిరిగి "తాతా, నీది వెట్టు. ఇప్పుడైతే పని నడుస్తది, పేరు తర్వాత మార్చుకుందం" అన్నాడు. నేను పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. కాగితం మీద నా పేరు అచ్చయి వచ్చింది. దాన్ని చదివాను. నా పేరు అచ్చులో చూడడం అదే మొదటిసారి. నిజం రాస్తున్నాను, నా లోపల ఏదో కులికింది. నోరు తెరిచి "ఆగండి" అనవలసిన సమయం అది. అనలేదు.

జీపు పోయాక ఆమె వచ్చి అడిగింది. "నా పేరు రాసిండ్రా తమ్మీ?"

"రాసిండ్రు అక్కా" అన్నాను.

ఆమెకు చదువు రాదు, నాకు వచ్చు. ఆమె తనకు వచ్చిందంతా చూపించి నేర్పింది, నేను నాకు వచ్చినదాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పాను. ఆమె దాన్ని నిజమనుకుని నాట్లు వేసే మడిలో, బోరింగు కాడ అందరికీ చెప్పుకుంది, "నల్లగొండల గోడ మీద నా పేరు ఉన్నది" అని. మొదటి అర్జీ ఆ వారమే రాశాను, ఆమెకు తెలియకుండా, ఎట్లాగైనా పేరు మారితే నా అబద్ధం నిజమవుతుందన్న ఆశతో. జవాబు రాలేదు. కొన్నాళ్లకు ఆమె "ఒక్కపారి తోల్కపో తమ్మీ, నా పేరు జర ఏలు వెట్టి చూపియ్యి, ఎట్లుంటదో చూస్త" అంది. కోతలు అయినాక పోదాం అన్నాను. కోతలు అయినాక పండుగ పోనీ అన్నాను. అంతలో కరోనా వచ్చి బస్సులు బందయ్యాయి. బస్సులు మళ్లీ నడిచేసరికి బాలకిష్టమ్మ లేదు. నాలుగు రోజుల జ్వరం. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయింది.

ఆమె పదోనాడు వాడకట్టు అందరి ముందు లేచి నిలబడి జరిగింది చెప్పాను. సైదమ్మ "మరి మారిపియ్యి" అంది. అంతే.

అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను. రెండో అర్జీకి, కాగితం మీద మీ వేలిముద్రే ఉంది కాబట్టి బొంత మీదే అని జవాబు. మూడోదానికి, చనిపోయినవారి తరఫున వారసులే అడగాలని జవాబు. వారసులు లేరని రాస్తే, లేరని ధ్రువపత్రం తెమ్మన్నారు. అదీ తెచ్చాను. అది దొరకడం లేదన్నారు. నకలు ఇచ్చాను. నేనే పోయి నిలబడితే, వేలిముద్ర తీసుకున్న ఆ గుమస్తానే ఎదురయ్యాడు.

"తాతా, పేరు నీదే ఉన్నది గద. ఇంకేం లొల్లి నీది?"

"నాది గాదు గాబట్టే లొల్లి."

"పేరు లేదని తిరిగేటోళ్లను చూసిన గని, పేరు తియ్యమని తిరిగేటోన్ని నిన్నే చూస్తున్న."

"మంచిగ చూడు. రేపు మళ్లొస్త."

మళ్లీ పోయాను. చాలాసార్లు పోయాను. పోయినేడు ఆ కుర్చీలోకి ఒక కొత్త అధికారిణి వచ్చింది. నా అర్జీలన్నీ ముందు వేసుకుని చదివింది. కూర్చోమంది. ఇన్నేళ్లలో కూర్చోమన్నది ఆమె ఒక్కతే.

"నువ్వు కుట్టలేదని రుజువేంది పెద్దాయనా?"

"కుట్టినోడు కుట్టిన్నని రుజువు చూపెడ్తడు తల్లీ. కుట్టలే అని ఎట్ల చూపెట్టాలె?"

నా అర్జీలను పక్కకు జరిపింది. "కుట్టుడు అసలే రాదా నీకు?"

"వస్తది. ఆమెనే నేర్పింది."

"అయితే కుట్టి చూపియ్యి. పక్కపక్కన వెట్టి తెలిసినోళ్లతోని చూపిస్త."

ఆ పరీక్షకు ఒప్పుకుని బయటికి వచ్చాకే అందులోని మెలిక నాకు తట్టింది. బాలకిష్టమ్మ పోయిన దగ్గర నుంచి నేను రోజూ కుడుతూనే ఉన్నాను. ఆమె చెప్పినట్టే, ఆమె కూర్చున్నట్టే. చెయ్యి చాలావరకు కుదిరింది. నేను బాగా కుడితే గోడ మీద బొంత కూడా నాదేనని తేల్చేస్తారు, ఆమె పేరు ఇక ఎప్పటికీ రాదు. కావాలని చెడగొడితే ఆమె పేరు వస్తుంది, కానీ అది మరో అబద్ధంతో వస్తుంది. అది కూడా ఆమె నేర్పిన పనితో ఆడే అబద్ధం. హాలియా దాకా బస్సులో ఇదే ఆలోచన. దిగేసరికి తేల్చుకున్నాను. ఒకసారి ఆమె ముందు అబద్ధమాడాను, ఆమె బొంత ముందు కూర్చుని రెండోసారి ఆడను. నాకు చేతనైనంత బాగా కుడతాను. ఆమె పని నా పనికంటే ఎంత పైనుందో అది అదే చెప్పుకోవాలి.

ఆ గదిలోనే, ఆ బొంత కిందనే చాప వేశారు. పట్నంలో ఎవరో దర్జీ దగ్గర తెచ్చిన సంచెడు ముక్కలు, ఒక పాత చీర. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తూ ఇరవై రోజులకు పైగా కుట్టాను. నారాయణపేట వైపు నుంచి ఒక పెద్దమ్మను పిలిపించారు, ఆమె బతుకంతా బొంతలు కుట్టిన మనిషి. రెండుసార్లు వచ్చింది, రెండోసారి రెండు బొంతలూ పోల్చి చూడడానికి. మొదటిసారి నా పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"మొగోనివి, సూది మంచిగనే పట్టినవ్. ఎవలు నేర్పిండ్రు?"

తలెత్తి గోడ వైపు చూపించాను. ఆమె లేచి పోయి బొంత అంచు పట్టుకుని మడిచి చూసింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుమంతా తడిమింది. కిటికీ దగ్గరికి జరిపించి ఎండకు పట్టించింది. వెనక్కి వచ్చి నా ముందు నిలబడి, "అదృష్టవంతునివి" అంది.

ప్రాణం పెట్టి కుట్టాను. అయినా మూడుచోట్ల జోడు దొరకలేదు. ఒక్కోచోట అరపూట సంచి వెతికాను, దొరకలేదు. చివరికి కత్తెర తీశాను. నడుమకు వచ్చేసరికి ఒక పక్క ఉబ్బింది, విప్పి కుట్టినా పూర్తిగా అణగలేదు. ఆఖరునాడు సంచి బోర్లిస్తే రెండు పిడికిళ్ల ముక్కలు రాలాయి. చుట్టూ ఎవరూ లేరు. లాల్చీ జేబులో పడేసుకుంటే అడిగేవాడు లేడు, వాడకట్టు ముందు నా చేతికి పేరూ మిగిలేది. ఆ ముక్కలను తీసి అధికారిణి బల్ల మీద పెట్టి, కత్తెర ఎక్కడెక్కడ పెట్టానో వేలితో చూపించి వచ్చాను.

ఇప్పటికీ సంచి విప్పితే ముందు చెయ్యి కత్తెర మీదికి పోతుంది, తర్వాత వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి రావడమే ఆమె నాకిచ్చింది. వాడకట్టులో ఎవరు కాగితం తెచ్చినా ఉన్నది ఉన్నట్టే చదువుతున్నాను, వాళ్లకు నచ్చినా నచ్చకపోయినా. ఇద్దరు ఆడపిల్లలు మా వసారాకు వచ్చి బొంత కుట్టడం నేర్చుకుంటున్నారు. నాకు రాని చోటు వచ్చినప్పుడు, ఇది నాకు రాదు, బాలకిష్టమ్మకు వచ్చేది అని చెప్తున్నాను. ఆ మాట చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. నిన్న పోస్టుమ్యాన్ ఉత్తరం తెచ్చాడు. వాడకట్టు అందరినీ పిలిచి, నిలబడి, ఒక్క అక్షరం కూడా మింగకుండా గట్టిగా చదివాను. అందులో ఉన్నది ఇది:

"శ్రీ సత్తయ్య గారికి. మీ దరఖాస్తులన్నియు పరిశీలించడమైనది. మీరు ఈ కార్యాలయమునందు కుట్టిన బొంతను, గోడపై గల బొంతను పక్కపక్కన ఉంచి చూడగా, మీ పనిలో మూడు చోట్ల కత్తెర వాడకము, నడుమ భాగమున ఉబ్బు, చివరన మిగులు ముక్కలు ఉన్నట్లు గమనించడమైనది. గోడపై గల బొంతలో ఇవేవియు లేవు. కావున గోడపై గల బొంతను కుట్టగల పనితనము మీకు లేదని నిర్ధారించి, మీ పేరును తొలగించి, దాని స్థానమున 'కుట్టినవారు: బాలకిష్టమ్మ, హాలియా' అని రాయించడమైనది. ఈ నిర్ణయముపై మీకు అభ్యంతరము ఏదైనా ఉన్నచో పదిహేను రోజులలోపు రాతపూర్వకముగా తెలుపగలరు."